ఎలుక కొరికిందన్న కేబుల్

మా శిక్షణ కేంద్రంలో కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ, మూడో రోజో నాలుగో రోజో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మీ సర్వీసులో పట్టుకున్న పెద్ద ఫాల్టు ఏది?" బ్యాంకు సర్వర్ గురించో, మిల్లు మొత్తం ఆగిపోయిన రోజు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఎమ్మిగనూరులో ఒక గోడలో ఉన్న కేబుల్ గురించి చెబుతాను. వాళ్ల ముఖాలు వాడిపోతాయి. పైగా దాన్ని పట్టుకున్నది నేను కాదు.

నాకు ముప్పై మూడేళ్లు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని తెలుసు. కానీ టూల్‌బ్యాగు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే పని నుంచి తప్పుకున్నాను కాబట్టి, ఆ మేరకు రిటైరైనట్టే. ఇప్పుడే స్క్రూడ్రైవర్ చేతబట్టిన మీలాంటివాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది. సాంకేతిక విషయం ఇందులో పావు వంతు. మిగతాదంతా నా ఓర్వలేనితనం. దాన్ని దాచి చెబితే ఫాల్టు ఎందుకు దొరకలేదో మీకు అర్థం కాదు.

ఆదోనిలో పత్తి మార్కెట్ దారిలో మా షాపు ఉండేది. కంప్యూటర్లు అమ్ముతాం, బిగిస్తాం, బాగుచేస్తాం, కెమెరాలూ నెట్ లైన్లూ వేస్తాం. ముగ్గురమే: ఓనరు, నేను, నాతో పనిచేసే ఇంకొకతను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఏ పనికి వెళ్లినా కాగితం మీద అంశాలు వరుసగా రాసుకుని ఒక్కొక్కటే టిక్ పెడతాను. నేను వేసిన ప్రతి లైనుకూ తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద ఏమి, ఎప్పుడు, ఎవరు అని చిన్న అక్షరాలతో రాస్తాను. ఆ అలవాటుకు నన్ను మెచ్చుకోని కస్టమర్ లేడు. మెచ్చుకుంటారు, కానీ మళ్లీ ఫోన్ చేసినప్పుడు మాత్రం అతన్ని పంపమంటారు.

అతనిది ఎమ్మిగనూరు, నేతపనివాళ్ల ఇల్లు. పది దాకా చదివి, కొన్నేళ్లు నాన్నతో మగ్గం గుంటలో కూర్చుని, తర్వాత మా షాపులో చేరాడు. నాకంటే రెండేళ్లు చిన్న. రూటర్‌ను డబ్బా అంటాడు. మదర్‌బోర్డును పలక అంటాడు. వైరులోని తీగలను పోగులు అంటాడు. జాబితా రాయడు. ఒక పని దగ్గరికి వెళితే ముందు అక్కడ కూర్చుంటాడు. ఇంట్లోవాళ్లతో మాట్లాడతాడు. టీ తాగుతాడు. తర్వాత లేచి ఒక్కచోటే చెయ్యి పెడతాడు. చాలాసార్లు అక్కడే ఉంటుంది లోపం.

నేను ఓర్చుకోలేకపోయినవి ఇవీ అని అప్పట్లో అడిగితే వరుసగా చెప్పగలిగేవాణ్ని. నాకు కాగితం కప్పులో టీ ఇచ్చే ఇంట్లోనే అతనికి గాజు గ్లాసులో ఇచ్చేవారు. నన్ను 'సార్' అనేవారు, అతన్ని 'అప్పా' అనేవారు. సార్ అంటే గౌరవమని మొదటి ఏడాది అనుకున్నాను. రెండో ఏడాదికి తెలిసింది, అప్పా అన్న మనిషినే లోపల గదిలోకి రానిస్తారని. ఒకసారి మాధవరంలో నేను గంటసేపు కుస్తీపట్టిన ప్రింటర్‌ను అతను మూత తీసి, అందులోంచి ఒక వేరుశెనగ పొట్టు తీసి పారేసి నడిపించాడు. ఇంటి పెద్దాయన నన్ను చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది చలికాలంలో ఓనరు ఎమ్మిగనూరులో బ్రాంచి తెరుస్తున్నానన్నాడు. మా ఇద్దరిలో ఒకరు అక్కడ ఇంచార్జి.

అతనికి అది ఎందుకు కావాలో నాకు బాగా తెలుసు. వాళ్ల నాన్నకు చూపు మందగించింది. పడుగులో తెగిన పోగు ఆయనకు కనబడదు. పొద్దున బస్సెక్కే ముందు, సాయంత్రం దిగిన తర్వాత వాటిని అతకడం ఇతని పని. మధ్యలో తెగితే ఆ మగ్గం ఇతను వచ్చేదాకా ఆగాల్సిందే. షాపు ఎమ్మిగనూరులోనే ఉంటే మధ్యాహ్నం ఒకసారి ఇంటికి వెళ్లి రావచ్చు. నాకు ఎందుకు కావాలి? బోర్డు మీద నా పేరు లేకపోయినా, 'ఇంచార్జి' అనే మాట ఉన్న బల్ల వెనక కూర్చోవాలని. అంతకంటే ముఖ్యంగా, అతను కూర్చోకూడదని.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఒక పెద్ద పని వచ్చింది. మా పాత కస్టమర్ల ఇల్లే. వాళ్లది బట్టల వ్యాపారం, పెరట్లో మగ్గాల షెడ్డు ఉండేది. ఇంజనీరింగ్ చదివిన వాళ్లమ్మాయి ఆ షెడ్డును గేమింగ్ హాలు చేయాలనుకుంది. గుంటలు పూడ్చి బండలు పరిపించింది. వీఆర్ హెడ్‌సెట్ కళ్లకు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపిస్తుంది కదా, అలాంటిది రెండు తెప్పించింది. వాటికి తగ్గ కంప్యూటర్ మా దగ్గర చేయించుకుంది. మా షాపు చరిత్రలో అంత శక్తిగల కంప్యూటర్ మేము బిగించలేదు. జాతర మొదలయ్యే రోజు హాలు తెరవాలి. ఊరంతా జనం ఉండే ఆ రోజులు దాటితే మళ్లీ ఏడాదిదాకా అంతమంది రారు.

కంప్యూటర్ బిగించింది అతను. దుమ్ము పడకుండా దాన్ని ఇంటి ముందు ఏసీ గదిలో పెట్టాడు. పెరటి షెడ్డులో గోడకు రూటర్ బిగించాడు. రెంటినీ కలపడానికి గోడలో అప్పటికే ఉన్న పాత కేబుల్‌ను వాడాడు. వ్యవహారం ఇదీ: కంప్యూటర్ బొమ్మను తయారుచేసి కేబుల్ ద్వారా రూటర్‌కు పంపుతుంది, రూటర్ దాన్ని గాలిలో హెడ్‌సెట్‌కు పంపుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు.

మొదటిసారి పెట్టి చూసినప్పుడు ఒక నిమిషం బాగా నడిచింది. తర్వాత బొమ్మ తెగుతూ, ఆగుతూ, గడులు గడులుగా చెదిరిపోయింది. ఆ అమ్మాయి వాళ్ల అవ్వ కూడా సరదాపడి కట్టుకుంది. రెండు చేతులూ గాలిలో చాచి, "ఏందప్పా ఇది, కొండ ఒకసారి ముందుకొస్తాది, ఒకసారి ఆగిపోతాది! తాగినోని బండెక్కినట్టుండాది" అని తీసేసి, కడుపు పట్టుకుని కూర్చుంది.

ఆ సంగతి అతనే షాపుకొచ్చి చెప్పాడు. "అన్నా, ఆట తెగతాంది. రేపు పోయి నిదానంగా సూస్తా."

నేను వెంటనే ఓనరు దగ్గరికి వెళ్లాను. ఇది పద్ధతిగా చూడాల్సిన పని, నేను చూస్తానన్నాను. అతన్ని ఏం చేద్దామని ఓనరు అడిగాడు. తుగ్గలిలో ఒక బడి కంప్యూటర్ల పని చాలా రోజులుగా పడి ఉంది. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన పని కాబట్టి ఇద్దరమూ తప్పించుకుంటున్నాం. అతన్ని అక్కడికి పంపమన్నది నేనే.  బయల్దేరే ముందు అతను, "అన్నా, బొమ్మ నాణ్యం తగ్గిస్తే బాగానే నడుస్తాంది. పెంచితేనే తెగతాంది. దావ యాడో ఇరుకైనాది, సూడు" అన్నాడు.

దావ, అంటే దారి, ఇరుకైందట. అది ఒక సాంకేతిక వాక్యమా అనుకున్నాను. నా జాబితాలో రాసుకోలేదు.

రెండు రోజులు కూర్చున్నాను. ముప్పై ఒక్క అంశాలు రాశాను. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ మార్చాను, పాతది వేశాను, మళ్లీ కొత్తది వేశాను. విండోస్‌లో కరెంటు పొదుపు చేసే సెట్టింగులన్నీ తీసేశాను. కార్డు వేడి చూశాను. పక్క ఇళ్ల వైఫైలు ఏ చానల్‌లో ఉన్నాయో కొలిచి, ఖాళీ చానల్‌కు మార్చాను. హెడ్‌సెట్‌లో వైఫై వేగం చూస్తే సెకనుకు పన్నెండు వందల మెగాబిట్లు చూపించింది. బ్రహ్మాండం. ఏసీ గదిలో ఇంటర్నెట్ వేగం కొలిస్తే వాళ్ల ప్లాను ఎంతో అంతా వచ్చింది. అదీ సరే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆట మాత్రం తెగుతోంది.

పదిహేడో అంశం: 'గోడ కేబుల్. మన షాపు వేసిందే.' టిక్.

ఆ టిక్ పెట్టడానికి నేను కుర్చీ నుంచి లేవలేదు.

ఇప్పుడు మీరు అడుగుతారు, కంప్యూటర్‌లో ఆ కేబుల్ వేగం ఎంతో చూపించే చోటు ఒకటి ఉంటుంది కదా సార్, చూడలేదా అని. మంచి ప్రశ్న. చూడలేదు. ఎందుకంటే ఆ రెండు రోజులూ నేను లోపం వెతకడం లేదు. అతని లోపం వెతుకుతున్నాను. అతను బిగించిన ప్రతి మరా విప్పి చూశాను. అతను వైర్లు కట్టిన తీరు చూశాను. అంత అందంగా కట్టి ఉంటాడని అనుకోలేదు. మగ్గం మీద పనిచేసిన చేతులు, ఒక్క వైరూ ఇంకోదాని మీద పడలేదు. ఇంకా వెతికాను. చివరికి షెడ్డులో రూటర్ దగ్గర ఆగాను. రేకు కప్పుకు దగ్గరగా, ఇనుప దూలం పక్కన బిగించాడు. దొరికింది అనుకున్నాను.

రూటర్‌ను కిందికి దించి పెట్టి చూశాను. ఏమీ మారలేదు. అయినా రిపోర్టులో రాశాను. రెండు పేజీలు, చక్కటి పట్టిక, చివర అభిప్రాయం: 'రూటర్‌ను ఇనుప దూలం పక్కన బిగించడం ప్రధాన లోపం. ఇలాంటి పనులకు తగిన శిక్షణ లేని వ్యక్తిని పంపరాదు.' దించి చూసినా మారలేదన్న సంగతి రాయలేదు. పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలాను.

ఆ అమ్మాయికి మాత్రం ఒక పరిష్కారం చెప్పాను. నాణ్యత తగ్గించి ఆడించమన్నాను.

ఆమె హెడ్‌సెట్ బల్ల మీద పెట్టింది. "ఇంత పెద్ద కంప్యూటర్ చేయించుకునింది మసక బొమ్మ సూడనీకా సార్?"

పక్కనే బియ్యం చెరుగుతున్న అవ్వ అందుకుంది. "ఆ కాగితం సారుతో కాదులేమ్మే. ఆ ఇంగో పిల్లోడు యాడికి పోయినాడు? ఆ యప్పను పిలిపీ."

మర్నాడు ఓనరే బయల్దేరాడు. జాతరకు ఇంక మూడు రోజులే ఉంది. నన్నూ, తుగ్గలి పని ముగించుకొచ్చిన అతన్నీ కారులో ఎక్కించుకున్నాడు. నా రిపోర్టు ముందు సీట్లో, డ్రైవర్ పక్కన కూర్చున్న ఓనరు ఒళ్లో ఉంది. దారి పొడుగునా ఓనరు దాన్ని చదువుతూ, తల ఊపుతూ ఉన్నాడు. వెనక సీట్లో నా పక్కన అతను కిటికీలోంచి పత్తి చేలు చూస్తున్నాడు. ఎమ్మిగనూరు చేరేముందు ఓనరు వెనక్కి తిరిగి, "ఏమప్పా, దూలం పక్కన ఏంటికి బిగిచ్చినావు? బుర్ర ఉండాదా?" అన్నాడు.

అతను నా వైపు ఒక్కసారి చూశాడు. "సూస్తా సార్" అన్నాడు.

ఆ ఇంట్లో మాకు ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. అవ్వ అతని పళ్లెంలో నాలుగు బజ్జీలు వేసింది. నాకు రెండు. లెక్కపెట్టాను, అది నా స్వభావం. అతను తింటూ ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్నే అడిగాడు. "మా, ఇంట్లో పొడుగు వైరు ఏమన్నా ఉండాదా? పెరట్లోకి అందేటంత?"

"డబ్బాలో కొత్త చుట్ట ఉండాదన్నా, నువ్వే వదిలిపెట్టి పోయినావు."

చేతులు కడుక్కుని ఆ చుట్ట విప్పాడు. రెండు చివర్లకూ ప్లగ్గులు బిగించాడు. ఒక చివర ఏసీ గదిలో కంప్యూటర్‌కు గుచ్చి, వైరును నడవలోంచి, వంటింటి గడప మీదుగా, పెరటి నేల మీద పరుచుకుంటూ వెళ్లి రెండో చివర షెడ్డులో రూటర్‌కు గుచ్చాడు. గోడ కేబుల్‌ను పక్కన వదిలేశాడు. రూటర్‌ను కదిలించలేదు. అది నేను తిరిగి బిగించిన చోటే, ఆ ఇనుప దూలం పక్కనే ఉంది.

"ఇప్పుడు పెట్టుకో మా. నాణ్యం నిండుగా పెట్టు."

ఆ అమ్మాయి హెడ్‌సెట్ కట్టుకుంది. మేమందరం ఆమె ముఖం కింది సగాన్నే చూస్తున్నాం. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆమె గాలిలోకి చేయి చాచి దేన్నో పట్టుకుంది, విసిరింది, నవ్వింది. ఐదు నిమిషాలైనా నవ్వు ఆగలేదు. అవ్వ వైరు మీద కాలు పడకుండా చీర ఎత్తిపట్టుకుని దాటుకుంటూ వచ్చి, "నాకీ, నాకీ" అని లాక్కుంది. "ఇప్పుడు కొండ కొండ మాదిరుండాది" అన్నది.

అంటే లోపం గోడలో ఉంది. నా ముప్పై ఒక్క అంశాలూ ఆ నేల మీద పరిచిన ఒక్క వైరు కింద పడిపోయాయి.

అతను షెడ్డులో గోడపెట్టె మరలు విప్పాడు. నేను వెనకాలే నిలబడ్డాను. ఓనరు పెరట్లో ఆ అమ్మాయితో మాట్లాడుతున్నాడు. మూత ఊడింది. లోపల కేబుల్ చివర తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. దాని మీద చిన్న చిన్న అక్షరాలు, వరుస తప్పకుండా. 'ఒక కేబుల్, రెండు లైన్లు. నెట్ 4, కెమెరా 4.' కింద తేదీ. దాని కింద నా పొడి అక్షరాలు.

అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి నాలుగేళ్ల కిందట, నేను చేరిన మొదటి నెల. మగ్గాలు ఆగిపోయి ఈ షెడ్డులో సరుకు పెట్టుకునేవాళ్లు, ఒక కెమెరా, ఒక బిల్లింగ్ కంప్యూటర్ కావాలన్నారు. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. మామూలు నెట్‌కు నాలుగు చాలు. మిగతా నాలుగూ కెమెరాకు ఇచ్చేశాను. రెండో కేబుల్ లాగే పని తప్పింది. మా ఊళ్లలో అందరూ చేసే పనే, కానీ నేను చేసినంత శుభ్రంగా ఎవరూ చేయరు. ఓనరు అప్పుడు భుజం తట్టి, "సదువుకున్నోడంటే ఇట్లుండాల" అన్నాడు. తర్వాత కెమెరా తీసేశారు. ఆ నాలుగు తీగలూ గోడలో ఊరికే ముడుచుకుని ఉండిపోయాయి. నాలుగు తీగల మీద సెకనుకు వంద మెగాబిట్ల దాకా వెళుతుంది. అదే కేబుల్ మీద కంప్యూటర్‌కు వచ్చే ఇంటర్నెట్‌కు అది చాలు, అందుకే వేగం కొలిస్తే సరిగ్గా వచ్చింది. వీఆర్ బొమ్మకు అంతకు రెట్టింపు కావాలి. హెడ్‌సెట్ చూపించిన పన్నెండు వందలు రూటర్‌కూ హెడ్‌సెట్‌కూ మధ్య గాలిలో ఉన్న వేగం. కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య దావ ఇరుకు.

అతను వేలితో తీగలను ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాడు, తెగిన పోగును వెతికేటప్పుడు చేసినట్టు. నాలుగు దగ్గర ఆగాడు. టేపు ముక్క చదివాడు. నా వైపు తిరగలేదు. దాన్ని గోటితో నెమ్మదిగా ఊడదీసి, మడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఓనరు లోపలికొచ్చాడు. "ఏమైనాదప్పా?"

"ఎలుక కొరికినాది సార్. నాలుగు పోగులు తెగిపోయినాయి. రెండు పక్కలా కోసి కొత్తగా కడితే సరిపోతాది."

అరగంటలో ఎనిమిది తీగలూ కట్టేశాడు. నేల మీది వైరు తీసి చుట్టాడు. గోడ కేబుల్ మీదే ఆట నిండు నాణ్యతతో నడిచింది.

ఓనరు చేతులు దులుపుకుంటూ పెరట్లో నిలబడ్డాడు. అతని ఎదుటే నాతో అన్నాడు: "రిపోర్టు బాగా రాసినావప్పా. ఎలుకను నువ్వెట్ల కనిపెడతావులే. వీడే, డబ్బా బిగిచ్చేటప్పుడు వైరు సూసుకోవాల్సింది. బ్రాంచి నువ్వు సూసుకో."

అతను వైరు చుట్ట చుడుతూనే ఉన్నాడు. చొక్కా జేబు నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్క మాట చెబితే చాలు, చెప్పడానికి సమయమూ ఉంది. ఆ వైరు చాలా పొడుగు, చుట్టడానికి చాలాసేపు పట్టింది. నేను చెప్పలేదు.

బ్రాంచి తెరిచాం. బల్ల వచ్చింది, ఇంచార్జి అన్న పలక వచ్చింది. వాటితోపాటు ఆదోని నుంచి ఇంకొకటి వచ్చింది. ఎలుకల బోను. ఎమ్మిగనూరులో ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయని ఓనరు గట్టిగా నమ్మాడు. నా వారం రిపోర్టులో కొత్త గడి చేర్చాడు: 'ఎలుకలు'. ప్రతి శనివారం ఆ గడిలో 'లేవు' అని రాసేవాణ్ని. గుమ్మం పక్కన ఖాళీ బోను చూసి వచ్చినవాళ్లు అడిగేవారు, "సార్, మీ కాడ ఎలుకలు కూడా అమ్ముతారా?"

అతను ఆదోనికి బస్సులో తిరుగుతూనే ఉన్నాడు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోతూ, వారానికి ఒకసారి బ్రాంచిలోకి తొంగిచూసేవాడు. "అన్నా, టీ తాగుదామా?" అనేవాడు. తాగేవాళ్లం. ఆ కేబుల్ మాట ఎత్తలేదు. ఎత్తి దెప్పి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేవాణ్ని. నేను ఒకసారి వాళ్ల నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. "మధ్యాన్నం రెండు పోగులు తెగినాయంట, నేనొచ్చేదాకా కూర్చోనే ఉండినాడు. పాటలు పాడుకుంటాండినాడంట" అని నవ్వాడు. నిజంగా నవ్వాడు. అందులో నాకు తగలాల్సింది ఏమీ పెట్టలేదు.

అక్కడ నాకు పట్టింది అసలు జబ్బు. చేతిపనిలో అతను నాకంటే మెరుగు అంటే ఓర్చుకోవచ్చు, చదువులో నేను మెరుగు. జనం అతన్నే అడుగుతారంటే ఓర్చుకోవచ్చు, బల్ల నాది. కానీ ఈ ఊళ్లో నేను కూర్చున్న కుర్చీ అతను చెప్పిన అబద్ధం మీద నిలబడి ఉంది, ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు, అయినా అతను నాకు టీ పోయిస్తున్నాడు. మంచితనంలో కూడా అతనే మెరుగైపోయాడు. 

మూడో నెలలో ఒక శనివారం, రిపోర్టులో ఎలుకల గడి దగ్గర పెన్ను ఆగింది. ఆదోనికి బస్సెక్కాను. ఓనరు ముందు నిలబడి చెప్పాను. ఎలుక లేదు, ఆ రోజూ లేదు. నాలుగు తీగలు కట్టింది నేను. నా టేపు అతని జేబులో ఉంది. రిపోర్టులో ఖాళీ వదిలిన గడి సంగతీ చెప్పాను.

 ఓనరు, "మరి నేను ఎలుకల బోను పంపితే, మూన్నెల్లు ఆడ పెట్టుకోని కూర్చున్యావా?" అన్నాడు. దానికే ఆయనకు ఎక్కువ కోపం వచ్చినట్టుంది.

చెప్పినందుకు నన్ను మెచ్చుకోవద్దు. నేను మంచివాణ్నై చెప్పలేదు. అతను నాకంటే ఒక మెట్టు పైన నిలబడి ఉండటం చూడలేక, ఆ మెట్టు లాగేద్దామని చెప్పాను. నిజం చెప్పడానికి ఓర్వలేనితనం కూడా పనికొస్తుందని అప్పుడు తెలిసింది.

తర్వాతి సోమవారం, ఓనరు చెప్పినట్టే, బ్రాంచి తాళాలు అతనికి అప్పగించాను. అతను తీసుకోవడానికి ముందు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఏంటికి సెప్పినావన్నా? నేనెవురికీ సెప్పల్యా గదా."

"అందుకే" అన్నాను.

అతనికి అర్థం కాలేదనుకుంటాను. అర్థమైనా అయినట్టు కనిపించలేదు. "బోను మాత్రం తీసుకుపో అన్నా, ఎవురన్నా కాలు పెడతారు" అన్నాడు. దాన్ని చంకలో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. కండక్టర్ దానికి టికెట్ అడగనందుకు సంతోషించాను.

ఆదోని షాపులో ఇంకో ఏడాది చేశాను, తర్వాత శిక్షణ కేంద్రంలో చేరాను. మొన్న మా బ్యాచ్‌ను తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లినప్పుడు, నిజంగా నడుస్తున్న షాపు చూపిద్దామని ఆ బ్రాంచికి తీసుకెళ్లాను. అతను లేడు. మధ్యాహ్నం కదా, ఇంటికి వెళ్లాడన్నారు, ఒక్క ఇరవై నిమిషాల్లో వస్తాడన్నారు. బల్ల వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది, ప్లాస్టిక్ తొడుగులో. నా జాబితా. నేను వదిలి వచ్చిన ముప్పై ఒక్క అంశాలు, నా చేతిరాతలోనే. నూనె చేతులు పడి అంచులు నల్లబడ్డాయి, అంటే రోజూ చూస్తున్నారు. పిల్లల్లో ఒకడు గర్వంగా, "సార్, ఇది మీ రాతే!" అన్నాడు.

మొదటి అంశానికి పైన, మార్జిన్‌లో ఉన్న ఖాళీలో, వంకర అక్షరాలతో ఇంకొకటి రాసి ఉంది. దానికి అంకె లేదు.

'ముందు మనం వేసింది విప్పి సూడాల.'

పిల్లలు పుస్తకాలు తీసి రాసుకున్నారు. ముప్పై ఒకటీ వదిలేసి ఆ ఒక్కటే రాసుకున్నారు. నేను వాళ్ల పెన్నులు కదలడం చూస్తూ నిలబడ్డాను. పాత ఓర్వలేనితనం మళ్లీ రాజుకుంది. అది నేను రాయాల్సిన వాక్యం.